మొహమాటానికి బీమా లేదు

"ఆరు నెలలేగా, ఏమవుతుందిలే!"

మన తెలుగు కుటుంబాలలో పెద్దవాళ్ళకు అమెరికా వీసా వచ్చిన నాటినుండి విమానమెక్కే నాటివరకు అత్యధికంగా వినబడే వాక్యం ఇదే. దీనిని ఆశీర్వచనంగా పలికేవారున్నారు, ధైర్యవచనంగా పలికేవారున్నారు. నా చెవికి మాత్రం ఇది బాధ్యత తప్పించుకొనేవారి మంత్రంలా వినిపిస్తుంది. అరవై అయిదేళ్ళు దాటి, చక్కెరవ్యాధికి ఒక మాత్ర, రక్తపోటుకు ఒక మాత్ర, మోకాళ్ళకు ఒక తైలం వాడుతున్న మనిషికి ఆరు నెలలపాటు ఏమీ కాదని ఎవరు రాసిచ్చారు? అదే మనిషి గుంటూరులోనో వరంగల్లులోనో ఉంటే ఆ ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు డాక్టరు గడప తొక్కడా? విమానమెక్కినంత మాత్రాన శరీరం తన అలవాట్లను మానుకుంటుందా?

ప్రయాణ సన్నాహాలు చూడండి. ఆవకాయ జాడీకి ఎన్ని పొరల ప్లాస్టిక్కు చుట్టాలన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయిస్తారు. కందిపొడి ఏ పెట్టెలో, అరిసెలు ఏ పెట్టెలో, ఎన్ని కిలోలు అన్నది తూకం వేసి మరీ తేలుస్తారు. బీమా పాలసీ సంగతి మాత్రం చివరి రాత్రి దాకా ఎవరికీ గుర్తుకురాదు. గుర్తుకువచ్చిన కొడుకో కూతురో కంప్యూటరు ముందు కూర్చుని, ధరల వరుసలో అన్నింటికన్నా చవకైనదాన్ని అయిదు నిమిషాలలో కొని, ఆ కాగితాన్ని ఈమెయిలు పెట్టెలో భద్రపరుస్తారు. టీవీ కొనడానికి నెలరోజులు సమీక్షలు చదివే మనవాళ్ళు అమ్మ ప్రాణానికి అయిదు నిమిషాలు కేటాయిస్తారు! ఆ కాగితంలో ఏమున్నదో కొన్నవారికి తెలియదు. ఎవరికోసం కొన్నారో వారికి అసలు చూపించరు.

ఈ టపాలో నేను చెప్పదలచినది ఒక్కటే. పరదేశంలో మన పెద్దవాళ్ళకు సకాలంలో వైద్యం అందకపోవడానికి అక్కడి వ్యవస్థ సగం కారణమైతే, మన మొహమాటం తక్కిన సగం. మొదటి సగాన్ని సరిదిద్దే శక్తి మనకు లేదు. రెండవ సగం మన ఇంట్లోనే ఉంది, మన నోటిలోనే ఉంది. అయినా మనం కోపమంతా మొదటి సగం మీదే ఖర్చు చేస్తాము.

ముందుగా వ్యవస్థ సంగతే చూద్దాం. అమెరికాలో సందర్శకుడు వైద్యానికి సంబంధించినంతవరకు ఎవరికీ చెందని మనిషి. అరవై అయిదేళ్ళు దాటినవారికి అక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉన్నదని మనవాళ్ళు విన్నారు. అది సందర్శకులకు వర్తించదు. గ్రీన్‌కార్డు వచ్చిన వృద్ధులు సైతం ఎడతెగకుండా అయిదేళ్ళు అక్కడ నివసించిన తరువాతనే రుసుము కట్టి అందులో చేరగలరు. పాత రోగాలున్నవన్న కారణంతో బీమా నిరాకరించరాదని 2010లో అక్కడ చట్టం చేశారు, 2014 నుండి అమలు చేశారు. అయితే సందర్శకుల కోసం అమ్మే ప్రయాణ పాలసీలు ఆ చట్టం పరిధిలోకి రావు. కొడుకు ఉద్యోగం చేసే సంస్థ ఇచ్చే బీమాలో భార్యాపిల్లలకు చోటుంటుంది. తల్లిదండ్రులకు సాధారణంగా ఉండదు. ఇంతా చేసి, సందర్శక వీసా ఇచ్చేటప్పుడు బీమా ఉన్నదా అని ఆ ప్రభుత్వం పట్టుబట్టదు. మనం అడగం, వారు అడగరు. ఆ రెండు మౌనాల మధ్య ఒక ముసలి ప్రాణం సముద్రం దాటుతుంది.

ఇక్కడ కొందరు మిత్రులు వెంటనే అడ్డు తగులుతారు: "ప్రాణం మీదికి వస్తే అమెరికా ఆసుపత్రి కాదనదండీ, చట్టముంది" అని. నిజమే, ఉంది. 1986లో చేసిన చట్టం ప్రకారం, మెడికేర్ సొమ్ము తీసుకొనే ఆసుపత్రుల అత్యవసర విభాగానికి ఎవరు వచ్చినా పరీక్షించి తీరాలి. ప్రాణాపాయ స్థితి ఉంటే దానిని స్థిమితపరచాలి, లేదా ఆ పని చేయగల ఆసుపత్రికి పద్ధతి ప్రకారం పంపించాలి. పౌరుడా పరదేశియా, బీమా ఉన్నదా లేదా అన్న లెక్కతో వైద్యాన్ని ఆలస్యం చేయకూడదు. మన దేశంలోనూ 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి మాటే చెప్పింది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా, అడ్వాన్సు కట్టమని అడిగే కౌంటరు మన ప్రైవేటు ఆసుపత్రుల గుమ్మంలోనే ఎదురుపడుతుందని మనకందరకూ తెలుసు. అందువల్లనే, ముందు వైద్యం చేసి తరువాత డబ్బడిగే అమెరికా పద్ధతిని చూసి మనవాళ్ళు మురిసిపోతారు.

కాని ఆ చట్టం "చూడండి" అన్నదే గాని "ఉచితంగా చూడండి" అనలేదు. స్థిమితపడిన తరువాత బాధ్యత ముగుస్తుంది. ఆ తరువాత మొదలయ్యేది ఉత్తరాల వరుస. ఆసుపత్రి బిల్లు ఒకటి, అత్యవసర విభాగంలో చూసిన వైద్యుని బిల్లు మరొకటి, స్కాను చదివిన నిపుణుని బిల్లు ఇంకొకటి, అంబులెన్సు బిల్లు వేరొకటి. మన ఊళ్ళో ఆసుపత్రినుండి బయటపడేటప్పుడు ఎంతైందో తెలుస్తుంది, ఏడ్చినా నవ్వినా ఆ రోజుతో సరి. అక్కడ అమ్మ తిరిగి వచ్చేసి, ఇంట్లో సంక్రాంతి ముగ్గులు పెడుతున్న రోజున కూడా అక్కడి తపాలా పెట్టెలో కొత్త కవరు పడుతూనే ఉంటుంది.

ఇక పాలసీల మాట. స్థూలంగా ఇవి రెండు జాతులు. ఒకటి స్థిర ప్రయోజన పాలసీ: ప్రతి సేవకు ఇంత అని ముందే ఒక పట్టిక ఉంటుంది, ఆసుపత్రి ఎంత వేసినా పాలసీ ఇచ్చేది ఆ పట్టికలోనిదే. రెండవది కాంప్రహెన్సివ్ అని పేరు పెట్టుకున్నది: డిడక్టిబుల్ అనే మొదటి ముక్క మనం కట్టాలి, చాలా పాలసీలలో ఆ పైన వచ్చే 5,000 డాలర్లలో 20 శాతం మనది, 80 శాతం వారిది, ఆ పైన గరిష్ఠ పరిమితి వరకు వారిదే. మొదటిది చవక. కొనేవాని కంటికి రెండింటి మీదా "50,000 డాలర్లు", "1,00,000 డాలర్లు" అన్న పెద్ద అంకెలే కనిపిస్తాయి కాబట్టి, చవకైనదే తెలివైన బేరంగా తోస్తుంది.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నందుకు, ఒక శస్త్రచికిత్సకు కలిపి 60,000 డాలర్లు బిల్లు వచ్చిందనుకోండి. స్థిర పాలసీ పట్టికలో గదికి రోజుకు 1,500, శస్త్రచికిత్సకు 3,000, అత్యవసర విభాగానికి 500, పరీక్షలన్నిటికీ కలిపి 1,500 అని ఉందనుకుందాం. అన్నీ కూడితే 11,000. మిగిలిన 49,000 ఎవరిది? కుటుంబానిది. అదే రోగికి 250 డాలర్ల డిడక్టిబుల్‌తో, లక్ష డాలర్ల పరిమితితో రెండవ జాతి పాలసీ ఉండి, ఆసుపత్రి వారి నెట్‌వర్కులోనిదై, ఆ జబ్బు పాలసీకి లోబడినదైతే, కుటుంబం కట్టేది 250, దానికి తోడు 5,000లో అయిదవ వంతు 1,000, వెరసి 1,250. రెండు పాలసీల ధరలో తేడా నెలకు కొన్ని పదుల డాలర్లో, వయసును బట్టి వందో రెండు వందలో. ఆ తేడాను మిగిల్చినందుకు మనవాడు తనను తాను భేష్ అనుకుంటాడు.

అయితే పై లెక్కలో "ఆ జబ్బు పాలసీకి లోబడినదైతే" అన్న మాటను నేను ఊరికే వేయలేదు. అసలు కథంతా అక్కడే ఉంది. పాత రోగాలను ఈ పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. మన పెద్దవాళ్ళలో పాత రోగం లేనివారెవరు? అందుకని అమ్మేవారు ఒక తాయిలం చూపిస్తారు: పాత రోగం ఉన్నట్టుండి విజృంభిస్తే దానికి మాత్రం చెల్లిస్తామంటారు. అక్యూట్ ఆన్‌సెట్ అని దాని పేరు. కొనేవారు ఈ మాట దగ్గరే ఆగిపోతారు. దాని కింద చిన్న అక్షరాలలో ఉన్న నిర్వచనం చదవరు. ఆ విజృంభణ ఆకస్మికంగా జరగాలి. ముందస్తు లక్షణాలేవీ కనబడి ఉండకూడదు. వైద్యుడు ముందుగా హెచ్చరించి ఉండకూడదు. మెల్లమెల్లగా ముదిరిన రోగమై ఉండకూడదు. అన్నింటికన్నా ముఖ్యం, బాధ మొదలైన 24 గంటలలోగా చికిత్స పొంది ఉండాలి. దీనికి తోడు వయసు కోత. డెబ్భై దాటితే పరిమితి తగ్గుతుంది. ఎనభై దాటితే కొన్ని పాలసీలలో మొత్తం రక్షణే 10,000 డాలర్లకు కుదించుకుపోతుంది. కొన్నింటిలో ఆ వయసుకు ఈ తాయిలమే ఉండదు.

ఇప్పుడు ఆ 24 గంటల నియమాన్ని మన అమ్మ పక్కన నిలబెట్టి చూడండి.

మంగళవారం తెల్లవారుజామున గుండెల్లో బరువుగా అనిపించింది. కొడుకు ఆఫీసుకు హడావిడిగా బయలుదేరుతున్నాడు, కోడలికి మీటింగు ఉంది, చంటివాడికి జలుబు. "ఎందుకులే వాళ్ళను కంగారు పెట్టడం" అనుకుంటుంది. జీలకర్ర నీళ్ళు తాగుతుంది. తెచ్చుకున్న డబ్బాలోనుండి గ్యాసు మాత్ర వేసుకుంటుంది. "అదోలా ఉన్నావేంటమ్మా?" అని కొడుకు అడిగితే "ఏం లేదురా, నిద్ర చాలక" అంటుంది. బుధవారం అలాగే గడుస్తుంది. గురువారం రాత్రి నిలబడలేక కూలబడుతుంది. అత్యవసర విభాగంలో నర్సు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? నొప్పి ఎప్పుడు మొదలైంది అని. అమ్మ అబద్ధమాడదు కదా. "మంగళవారం నుంచి" అంటుంది. ఆ ఒక్క మాట రోగి చరిత్రలోకి ఎక్కుతుంది. ఇకనేమున్నది? విజృంభణ ఆకస్మికం కాదు, లక్షణాలు ముందే ఉన్నాయి, 24 గంటలు ఎప్పుడో దాటాయి. ఆమె ఏ డబ్బు మిగుల్చుదామని నోరు మూసుకున్నదో, ఆ నోరు మూసుకున్నందువల్లనే ఆ డబ్బంతా పోతుంది.

డబ్బే కాదు, గుండె కూడా పోతుంది. రక్తం అందని గుండె కండరం గంట గంటకూ చనిపోతూ ఉంటుంది. చక్కెరవ్యాధి ఉన్నవారిలో గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా, ఆయాసంగానో అజీర్ణంగానో కూడా రావచ్చునని వైద్యులు ఏనాటినుండో చెబుతున్నారు. మెదడులో రక్తనాళం మూసుకుపోతే గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి గడువు నాలుగున్నర గంటలు. కొడుకు సాయంత్రం ఇంటికి వచ్చేదాకా ఆగుదామనుకొనే తల్లి ఆ గడువును కుర్చీలో కూర్చునే దాటేస్తుంది.

మనం దీనినే సహనమన్నాం. త్యాగమన్నాం. కథల్లో, సినిమాల్లో నొప్పిని దాచుకున్న తల్లికి దండలు వేశాం. పెద్దలను గౌరవించేవాడిని గనుకనే అంటున్నాను, ఇందులో త్యాగమేమీ లేదు. పిల్లలకు భారం కాకూడదన్న కోరిక వారికి మోయలేని భారాన్ని తెచ్చిపెడుతున్నప్పుడు దానిని సద్గుణమని కొనియాడడం మానుకోవాలి. అయితే ఈ తప్పు అమ్మది మాత్రమే అనడం కూడా అన్యాయం. ఆమెకు ఆ భయం ఎవరు నేర్పారు? దిగిన మొదటి వారంలోనే "ఇక్కడ డాక్టరు దగ్గరికి వెళ్తే ఇల్లు అమ్ముకోవాలి" అని భోజనాల బల్ల దగ్గర హాస్యమాడినదెవరు? ఆ హాస్యానికి మనం నవ్వుకుంటాము. ఆమె దానిని ఆజ్ఞగా తీసుకుంటుంది.

ఇక ప్రతివాదుల మాటలకు వస్తాను.

మొదటి వాదం: "బిల్లు కట్టకుండా విమానమెక్కించేస్తే వాళ్ళేం చేస్తారు?" ఈ మాట చదువుకున్నవారి నోటనే విన్నాను, అదీ చిలిపి నవ్వుతో. ఆసుపత్రిలో ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో, చెల్లింపు బాధ్యత తనదని కొడుకు ఎక్కడైనా రాసిచ్చాడో ముందు చూసుకోండి. అదలా ఉంచితే, అదే ఆసుపత్రికి రేపు మన తోటి తెలుగు తల్లి ఒకరు వెళతారు. నిన్నటి మన ఘనకార్యం నేడు ఆమెను ఏ చూపుతో చూసేలా చేస్తుందో ఆలోచించండి. ఎగవేత ఒక ప్రణాళిక కాదు.

రెండవ వాదం: "ఏదైనా అయితే వెంటనే ఇండియా పంపేద్దాం, అక్కడ చవక." పంటినొప్పికి, కంటిపొరకు ఈ మాట చెల్లుతుంది. గుండెపోటు వచ్చిన మనిషిని ఇరవై గంటల విమానంలో కూర్చోబెట్టడానికి ఏ వైద్యుడు ఒప్పుకుంటాడు? విమాన సంస్థ మాత్రం ఎక్కించుకుంటుందా? 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆరోగ్యశ్రీ గాని, నాన్నగారి పెన్షను వైద్యసదుపాయం గాని డాలస్‌లో పడిపోయిన మనిషిని ఆదుకోవు.

మూడవ వాదం: "బీమా అంతా మోసం, ఎలాగూ ఇవ్వరు, కొనడం దండగ." పైన నేను రాసినదంతా ఈ వాదానికే బలమిస్తుందని కొందరికి తోచవచ్చును. కాదు. గొడుగుకు చిల్లులున్నాయని తెలిసినవాడు చిల్లులు లేని గొడుగు వెతుక్కుంటాడు, వానలో తడవాలని తీర్మానించుకోడు. కాలు జారి తుంటి ఎముక విరిగితే అది పాత రోగం కాదు. న్యుమోనియా పాత రోగం కాదు. అపెండిసైటిస్ పాత రోగం కాదు. వీటికి మంచి పాలసీ చక్కగా పనిచేస్తుంది. చదివి కొన్నవానికి బీమా ఆయుధం. చదవక కొన్నవానికి తాయెత్తు.

ఇతర దేశాలు ఏం చేస్తున్నవో ఒకసారి చూడాలి. 1948లో పుట్టిన జాతీయ ఆరోగ్య సేవ ఉన్న ఇంగ్లండులో అత్యవసర విభాగంలో చూపించుకోవడం సందర్శకులకు కూడా ఉచితం. వీధి వైద్యుని వద్ద తాత్కాలిక రోగిగా చేరడానికి, సంప్రదించడానికి రుసుము లేదు. దీనిని విని అక్కడ అంతా ఉచితమనుకుంటే పొరపాటు. ఆసుపత్రిలో చేర్చుకున్న క్షణంనుండి లెక్క మొదలవుతుంది. మన దేశంనుండి ఆరు నెలల లోపు సందర్శనకు వెళ్ళినవారికి ఆ లెక్క వారి జాతీయ ధరలో 150 శాతం. అత్యవసరం కాని చికిత్సకు 2017 నుండి డబ్బు ముందే కట్టించుకుంటున్నారు. 500 పౌండ్లు, ఆ పైన బాకీ రెండు నెలలు దాటితే ఆ సంగతి వీసా అధికారులకు చేరవచ్చు, తరువాతి వీసాకు అడ్డు పడవచ్చు. ఆస్ట్రేలియా పదకొండు దేశాలతో పరస్పర వైద్య ఒప్పందం చేసుకున్నది. అందులో మన దేశం లేదు.

ఐరోపాలోని షెంగెన్ దేశాలు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపనిదే మనకు స్వల్పకాలిక వీసా ఇవ్వవు. కెనడా 2011 డిసెంబరులో తల్లిదండ్రులకోసం సూపర్ వీసా ప్రవేశపెట్టినప్పుడు, కనీసం లక్ష కెనడా డాలర్ల రక్షణతో ఏడాది బీమా ఉండాలని షరతు పెట్టింది. ఈ షరతును మనవాళ్ళు దోపిడీ అని తిడతారు. నేను దీనిని దయ అంటాను. అమ్మా నాన్నల అనారోగ్యం గురించి, చావు గురించి నోరు విప్పి మాట్లాడుకోలేని కుటుంబాన్ని, ఆ దేశపు చట్టం బలవంతంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నది. అమెరికా చట్టం ఆ పని చేయడం లేదు కాబట్టి, అక్కడికి వెళ్ళే మనవాళ్ళు తమకు తామే ఆ షరతు పెట్టుకోవాలి. టిక్కెట్టు కొనకముందే పాలసీ ఎంచుకోవాలి. మంచి పాలసీ కొనే స్థోమత ఈ ఏడాది లేకపోతే ప్రయాణం వచ్చే ఏడాదికి వాయిదా వేయాలి. మనవడి బారసాల ఫోటోలో నానమ్మ లేకపోతే కొంపలేమీ మునగవు.

ఊరక విమర్శించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. చేయవలసినవి చెబుతాను.

పాలసీని అమ్మకూ నాన్నకూ తెలుగులో చదివి వినిపించండి. మొత్తం కాదు, ఒక పేజీ చాలు: ఏ జబ్బుకు ఇస్తారు, ఏ జబ్బుకు ఇవ్వరు, మన జేబునుండి ఎంత పోతుంది, 24 గంటల నియమం ఏమిటి. "నొప్పి అనిపించిన గంటలో చెబితే డబ్బు మిగులుతుంది, దాచిపెడితే పోతుంది" అన్న ఒక్క వాక్యాన్ని పదిసార్లు చెప్పండి. మన పెద్దవాళ్ళు తమ ప్రాణంకోసం నోరు విప్పరు గాని, కొడుకు డబ్బు కాపాడడానికి విప్పుతారు. వారి స్వభావాన్నే వారి రక్షణకు వాడుకోండి.

ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండాలి. జ్వరానికి, మూత్రంలో మంటకు, కాలు బెణుకుకు అర్జెంట్ కేర్ చాలు. అత్యవసర విభాగంతో పోలిస్తే అక్కడ ఖర్చు చాలా తక్కువ. ఛాతీ బరువు, మాట తడబాటు, మూతి వంకర, స్పృహ తప్పడం, వీటికి 911 తప్ప వేరే ఆలోచన వద్దు. పాలసీ సరిపోని చిన్న రోగాలకు, ఆదాయాన్ని బట్టి రుసుము తగ్గించి చూసే సామాజిక ఆరోగ్య కేంద్రాలు అక్కడ చాలా ఊళ్ళలో ఉన్నాయి. ముందే తేదీ ఖరారైన చికిత్సకయితే, బీమా లేనివారికి, సొంతంగా చెల్లించేవారికి ఖర్చు అంచనాను రాసి ఇవ్వాలని 2022 జనవరినుండి నియమం ఉంది. బిల్లు ఆ అంచనాను 400 డాలర్లు గాని అంతకు మించి గాని దాటితే ఆక్షేపించవచ్చును.

మందుల చీటీ మీద అసలు రసాయన నామాలు రాయించుకోండి. డోలో అంటే అక్కడి వైద్యునికి అర్థం కాదు. పారాసెటమాల్‌కు కూడా అక్కడి పేరు అసిటమినోఫెన్. గ్లైకోమెట్ అనకుండా మెట్‌ఫార్మిన్ అనాలి.

మరొకటి, చాలామందికి తెలియనిది. ప్రభుత్వ నిధులు తీసుకొనే అమెరికా ఆసుపత్రులు ఆంగ్లం రాని రోగికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి; 1964 నాటి పౌరహక్కుల చట్టంలో దీనికి మూలముంది. తెలుగు దుబాసీ కావాలని అడగండి, ఫోనులోనైనా కలుపుతారు. "నేనున్నాను కదా, నేను చెబుతాను" అని కొడుకు అడ్డుపడకూడదు. స్త్రీల జబ్బుల సంగతి అమ్మ కొడుకు ముందు చెప్పదు, మామగారు తన ఇబ్బంది కోడలి ముందు చెప్పరు. మొహమాటం మాటను మింగిన చోట వైద్యుడు తప్పు రోగానికి మందు వేస్తాడు.

బిల్లు వచ్చిందా, వెంటనే కట్టకండి, చింపివేయనూ వద్దు. ఏ వస్తువుకు ఎంత వేశారో వివరంగా రాసిన బిల్లు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నీ ఆర్థిక సహాయ విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించి తీరాలి. ఆసుపత్రినుండి వచ్చాక అందిన మొదటి బిల్లు తేదీనుండి 240 రోజుల వరకు దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సందర్శకులకు వర్తిస్తుందా లేదా అన్నది ఆ ఆసుపత్రి విధానాన్ని బట్టి ఉంటుంది, చదవనిదే తెలియదు. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత మనదే. అడగడానికి నామోషీ పడేదీ మనమే. ఆ నామోషీ పడ్డవారే నెల తిరిగేసరికి అంతర్జాలంలో చందాల పేజీ తెరిచి, ముక్కూ మొహం తెలియని వేయిమందిని అడుగుతారు! ఆపదలో చేయి చాచడం తప్పని నేననను. కాని పాలసీలో రెండు వందల డాలర్లు మిగుల్చుకుని, ఆ తరువాత ఊరందరి జేబులు తడమవలసి రావడంలో ఎక్కడో లెక్క తప్పిందని ఒప్పుకోవాలి కదా.

మన తెలుగు సంఘాలకు కూడా ఒక మాట. రెండేళ్ళకొకసారి జరిపే సంబరాలకు సినీతారలను రప్పించగల శక్తి ఉన్న సంఘాలకు, సందర్శక పాలసీల నియమాలను సరళమైన తెలుగులో నాలుగు పేజీలు రాయించి పంచే శక్తి ఉండదా? అక్కడ తెలుగు వైద్యులకు కొదవా, తెలుగు న్యాయవాదులకు కొదవా? తారలు వచ్చి పోతారు. ఆ నాలుగు పేజీలు ఒక ఇంట్లో ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చును.

ఈ టపా చదివినవారిలో కొందరి అమ్మానాన్నలు ఈపాటికే అక్కడ ఉండి ఉంటారు, కొందరివారు పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. వ్యాఖ్యలలో నన్ను మెచ్చుకోవడమో దుయ్యబట్టడమో తరువాత తీరికగా చేయవచ్చును. ముందు ఆ పాలసీ కాగితాన్ని బయటకు తీయండి. పాత రోగాల గురించి రాసిన భాగం ఏ పేజీలో ఉందో చూడండి. చదివి, అర్థం కాకపోతే అమ్మినవారికి ఫోను చేసి, అర్థమయ్యేదాకా అడగండి. ఆ తరువాత అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడగండి. "ఏం లేదురా" అంటుంది. రెండోసారి అడగండి.